శిబ్‌పూర్ తోట – సజీవ వృక్షసంచయముల సంరక్షణము
(స్మారకోపన్యాస పాఠము)



ఏ మహనీయుని స్మృత్యర్థము నేడు మనమిచట సమావేశమైతిమో, ఆయన తన జీవితమంతయు వృక్షశాస్త్రబోధనకే ధారవోసిన గురువర్యులు. పుస్తకమునందలి పటమును చూపి పాఠము ముగించుట ఆయనకు సమ్మతము కాదు. పాఠములో పేర్కొనిన మొక్క కళాశాల ఆవరణలో లేనిచో దానిని తెప్పించి నాటించుటయు, నాటించిన నాడే అది ఏ కొండనుండి వచ్చినదో, ఎవరు తెచ్చిరో, ఎట్టి నేలలో పెరుగుచుండెడిదో ఒక పుస్తకములో వ్రాయించుటయు ఆయన నియమములు. మొక్కను నాటుట ఎంత ముఖ్యమో దాని వృత్తాంతమును వ్రాసియుంచుటయు అంతే ముఖ్యమని ఆయన విశ్వసించిరి. ఆ విశ్వాసమునే నేటి ప్రసంగమునకు మూలముగా గ్రహించి, వృక్షోద్యానములను గూర్చియు, అవి తరతరములుగా పోషించుచు వచ్చిన సజీవ సంచయములను గూర్చియు నాలుగు మాటలు విన్నవింతును.

వృక్షోద్యానమనగా చెట్లు పెక్కుగానున్న తోట మాత్రమే కాదు. రాజులు విహారమునకు వనములు పెంచిరి. దేవాలయములు పూజకు నందనవనములు నిలిపినవి. గృహస్థులు ఫలపుష్పముల కొరకు పెరటితోటలు వేసికొనిరి. వీటిలో వేటికిని తాను పెంచు మొక్క పుట్టుపూర్వోత్తరములతో పని లేదు. పూవు పూచిన చాలును, పండు పండిన చాలును, నీడ పరచిన చాలును. వృక్షోద్యానమునకు అంతటితో చాలదు. ఇటలీ దేశమున పాదువా నగరమునందు 1545లో వైద్యవిద్యార్థుల కొరకు తోట నెలకొల్పినప్పుడు దాని ప్రయోజనము ఒక్కటే: ఓషధిని పోలిన మరియొక మొక్కను ఓషధియని భ్రమించి రోగికి ఈయకుండునట్లు, నిజమైన మొక్కను నిజమైన పేరుతో కంటికెదుట నిలుపుట. ఆ తోట అదే స్థలమున నేటికిని ఉన్నది. అందు 1585లో నాటిన యొక తాళజాతి వృక్షము నేటికిని బ్రతికియున్నది. మొక్కను, దాని నామమును, దాని వృత్తాంతమును విడదీయక కాపాడు స్థలమే వృక్షోద్యానమని అచటనే స్థిరపడినది.

ఆ కాపాడుట ఎట్లు జరుగునో కొంచెము వివరింతును. ఒక విత్తనము గాని అంటు గాని తోటకు చేరిన దినముననే దానికొక సంఖ్య నీయవలెను. ఆ సంఖ్య క్రింద దాతయెవరు, సేకరించినవారెవరు, ఏ అడవి, ఏ ఎత్తు, ఏ నెల, అడవిలో పుట్టినదా లేక మరియొక తోటలో పుట్టినదా అను విషయములన్నియు దాఖలా పుస్తకమున నమోదు కావలెను. మొక్క నారుమడిలోనుండి పాదులోనికి మారిన దినము, పూచిన దినము, కాచిన దినము, తుదకు చచ్చిన దినము కూడ అందు చేరవలెను. అదే సంఖ్యను లోహపు రేకుపై కొట్టి మొక్కకు కట్టవలెను. పూచినప్పుడు ఒక కొమ్మను కోసి, అదిమి, ఎండబెట్టి, కాగితమునకు అంటించి, శుష్కపత్రాగారమున భద్రపరుపవలెను; ఏలయన నేడు ఒక పండితుడు చెప్పిన పేరును రేపు మరియొక పండితుడు సవరించినప్పుడు సాక్ష్యముగా నిలువగలది ఆ ఎండిన కొమ్మయే. రేకు ఊడి, పుస్తకము చెదలుపాలైన నాడు ఆ మొక్క, పచ్చగా బ్రతికియున్నను, తిరునాళ్లలో తప్పిపోయి తన ఊరిపేరు చెప్పలేని పసిబిడ్డవలె అగును. దానికి నీడ యిచ్చు శక్తి ఉండును. సాక్ష్యమిచ్చు శక్తి ఉండదు. కావున సంచయమనగా మొక్కల సముదాయము కాదు, వృత్తాంతముతో కూడిన మొక్కల సముదాయమని గ్రహింపవలెను.

ఈ ధర్మము మనదేశమున ఎట్లు నడచినదో చూపుటకు హుగ్లీనది పడమటి యొడ్డున, కలకత్తాకు ఎదురుగా, శిబ్‌పూర్‌లోనున్న తోటకంటె తగిన యుదాహరణము లేదు. ఈస్టిండియా కంపెనీ సైన్యమున కర్నలుగానుండిన రాబర్ట్ కిడ్ 1786లో దీనిని ప్రతిపాదించెను. మరుసటి సంవత్సరమున తోట ఏర్పడెను. 1770నాటి వంగదేశపు మహాక్షామము అప్పటికింకను జనుల జ్ఞాపకమునుండి తొలగలేదు. ఆహారమునకు పనికివచ్చు దేశాంతర వృక్షములను తెచ్చి పెంచి జనులకు పంచినచో కాటకముల తీవ్రత తగ్గునని కిడ్ వాదించెను. నౌకానిర్మాణమునకు టేకును, వర్తకమునకు సుగంధద్రవ్యములను పెంచి కంపెనీకి లాభము చేకూర్పవచ్చునని కూడ ఆయన వాదించెను. కరుణయు, వర్తకమును ఒకే విన్నపమున చేయి చేయి కలిపి నిలిచినవి. ఆ తోట పుట్టుకలో పరపాలనయొక్క లాభదృష్టి లేదనుట సత్యదూరము. లాభదృష్టి తప్ప మరేమియు లేదనుటయు సత్యదూరమే. కిడ్ 1793లో మరణించెను. ఆయన స్థానమునకు వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ మన తెలుగునేలనుండి వెడలినవాడు.

రాక్స్‌బర్గ్ స్కాట్లండు దేశీయుడు, వృత్తిచే వైద్యుడు. 1776లో మద్రాసునకు వచ్చి, 1781 ప్రాంతమున గోదావరి మండలమునందలి సామర్లకోటకు చేరి, అచట తోట వేసి, పండ్రెండేండ్లపాటు మన కొండలను, మన్యములను, కాలువగట్లను, సముద్రతీరమును ఎడతెగక పరిశీలించెను. రాజమహేంద్రవరపు కొండలలో అడవిమిరియమును చూచి దానిని సాగుచేయ ప్రయత్నించెను. నీలిమందును, చెరకును, బెల్లపు వంటను గమనించి విపులముగా వ్రాసెను. ప్రతిదినమును వాతావరణమును కొలిచి నమోదుచేసెను. 1787లో కోరంగి తీరమును ముంచెత్తిన ఉప్పెనలో ఆయన పుస్తకములును, సేకరించిన మొక్కలును కొట్టుకొనిపోయినవి. ఏండ్ల శ్రమ ఒక్క రాత్రిలో నీటిపాలైనప్పటికిని, ఆయన మరల మొదటినుండి ప్రారంభించెను. 1791, 92 సంవత్సరములందు ఉత్తర సర్కారులను దహించిన కరవును కన్నులార చూచినవాడు గనుకనే, వాన లేనినాడు కూడ ఆహారమీయగల కొబ్బరి, పనస వంటి వృక్షములను కాలువగట్ల వెంబడిని, ఊళ్ల పొలిమేరలలోను నాటింపవలెనని కంపెనీవారికి పదేపదే వ్రాసెను.

ఆ సంవత్సరములందు ఆయన దేశీయ చిత్రకారులను నియమించి మొక్కలను సజీవముగానున్నవి ఉన్నట్లు వ్రాయించెను. ఆ పటములలో 300 ఎంపికచేసి, వృక్షశాస్త్రజ్ఞుడైన జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణమున, 1795 మొదలుకొని 1820 వరకు మూడు మహాసంపుటములుగా లండనులో ప్రకటించిరి. కోరమాండల్ తీరపు మొక్కలని దానికి పేరు. మన కలంకారీ వస్త్రములకు ఎరుపునిచ్చిన చిరివేరు అందున్నది. జ్వరమునకు బెరడుకషాయముగా వాడిన సోమిద ఉన్నది. మన పల్లెపిల్లలు పండ్లు కోసికొని తిను తుమికి ఉన్నది. శాస్త్రనామము ప్రక్కనే తెలుగువారు పిలుచు పేరును కూడ ఆయన వ్రాసిపెట్టెను. ఆ పేర్లు చెప్పినవారెవరు? ఆకును నలిపి వాసన చూచి, బెరడును గీచి రంగు చూచి, ఇది ఫలానా కొండ తూర్పువాలున పెరుగునని ఆయనకు తెలిపినవారెవరు? ఆ పటములను అంత సూక్ష్మముగా వ్రాసిన చేతులెవరివి? వారి పేర్లను గ్రంథము చెప్పదు. మొక్కల వృత్తాంతమును ఇంత శ్రద్ధతో నమోదుచేసిన పరంపర, ఆ వృత్తాంతమును అందించిన మనుష్యుల వృత్తాంతమును నమోదు చేయకపోవుట ఆనాటి వ్యవస్థయొక్క లోపము. నేటి దాఖలా పుస్తకములందు ఆ లోపము మిగిలియుండరాదు.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా తోట బాధ్యతను స్వీకరించునప్పటికి అందుండిన జాతులు సుమారు 300. ఆయన సెలవుపై వెడలిన పిదప 1814లో, ఆయన మిత్రుడును, శ్రీరామపురపు మిషనరీయును, స్వయముగా తోటలు పెంచువాడునైన విలియం కేరీ ఆ తోటలోని మొక్కల పట్టికను అచ్చొత్తించెను. అందు చేరిన జాతులు సుమారు 3,500. ఆ పట్టికలో వర్ణనలు లేవు, అలంకారములు లేవు. మొక్క పేరు, అది వచ్చిన దేశము, తెచ్చినవారి పేరు, వచ్చిన సంవత్సరము, పూచు కాలము, కాచు కాలము మాత్రమే ఉన్నవి. చూచుటకు నిస్సారమైన ఆ వరుసలే రెండువందల యేండ్ల పిమ్మట కూడ ఒక వృక్షము మనదేశమునకు ఎప్పుడు వచ్చినదో, ఎవరి చేతిమీదుగా వచ్చినదో నిర్ణయించుటకు ఆధారములగుచున్నవి. రాక్స్‌బర్గ్ నాటిన చెట్లలో అనేకములు నేడు లేవు. ఆయన వ్రాయించిన పట్టిక ఉన్నది; రెండువేల అయిదువందలకు పైబడిన పటములు కలకత్తాలోను, లండను సమీపముననున్న క్యూ తోటలోను ఉన్నవి.

ఆ మొక్కలు వచ్చుట ఎంత దుర్ఘటమో కూడ ఇచట చెప్పవలెను. తెరచాప ఓడలలో, మాసములకొలది ప్రయాణమున, ఉప్పునీటి తుంపరయు, మంచినీటి కొరతయు, ఎలుకలును, నావికుల అలక్ష్యమును కలిసి నాటుమొక్కలలో అధికభాగమును త్రోవలోనే చంపుచుండెడివి. లండను వైద్యుడు నథానియేల్ వార్డ్, మూసిన గాజుపెట్టెలో మొక్క తన తేమను తానే మరల మరల వినియోగించుకొని బ్రతుకగలదని 1829లో గమనించిన పిదప, గాజుపెట్టెలలో మొక్కలు సముద్రములు దాటజొచ్చినవి. చైనానుండి తెప్పించిన తేయాకు విత్తనములు 1830 దశాబ్దమున శిబ్‌పూర్ తోటలో మొలకెత్తి, అచటినుండి అస్సాము, కుమావూను, దక్షిణపు కొండలకు పయనమైనవి. మలేరియాకు మందునిచ్చు సింకోనా 1860 దశాబ్దమున ఈ తోట మార్గముననే దార్జిలింగు కొండలకు చేరినది. తోట అనగా నిలువయుండు స్థలము కాదు. వచ్చిన దానిని బ్రతికించి, పెంచి, పంచి పంపు స్థలము.

అట్లు కూర్చిన సంచయము ఎట్లు చెడునో కూడ ఈ తోటయే మనకు నేర్పినది. చెడుటకు రెండు మార్గములు కలవు. ఒకటి మనుష్యుని చేత, రెండవది ప్రకృతి చేత.

రాక్స్‌బర్గ్ తరువాత దీర్ఘకాలము తోటను పాలించిన నథానియేల్ వల్లిచ్ 1842లో అనారోగ్యముచే సెలవు గైకొనగా, మహామేధావియైన విలియం గ్రిఫిత్ తాత్కాలికముగా ఆ బాధ్యతను వహించెను. తోట శాస్త్రీయమైన కుటుంబక్రమమున ఉండవలెనని ఆయన సంకల్పము, సంకల్పము ఉత్తమమైనదే. కాని క్రమమును నెలకొల్పు తొందరలో ఏండ్లకొలదిగా పెరిగిన చెట్లవరుసలును, తోపులును నేలమట్టమైనవి. వాటి నీడన బ్రతుకుచుండిన సుకుమారములైన మొక్కలు ఎండకు మాడిపోయినవి. 1844లో మరలివచ్చిన వల్లిచ్ తాను పెంచిన తోటను చూచి మిక్కిలి ఖిన్నుడయ్యెను. నాలుగేండ్ల తరువాత వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ కూడ ఆ నష్టమును గూర్చి బాధతో వ్రాసెను. గ్రిఫిత్ పాండిత్యమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. మనదేశపు వృక్షశాస్త్రమునకు ఆయన చేసిన సేవ అపారము. ఎండిన మొక్కల కాగితములను ఒక అరనుండి మరియొక అరకు మార్చిన రీతిని బ్రతికిన చెట్లను మార్చజాలమని మాత్రమే ఈ కథ చెప్పుచున్నది. సజీవ సంచయమునకు సిద్ధాంతముకంటె ముందుగా ఋతువు ఉన్నది, నీడ ఉన్నది, వేరు ఉన్నది.

రెండవ దెబ్బ 1864 అక్టోబరులో తగిలినది. ఆ తుపానులో హుగ్లీనది పొంగి తోటపైకి వచ్చెను. వెయ్యికి పైగా వృక్షములు, అనగా తోటలోని వృక్షములలో రమారమి సగము, కూలిపోయినవి. నీడ తొలగుటచే మిగిలిన చిన్నమొక్కలు పెక్కు క్షీణించినవి. మూడేండ్లు గడచిన పిదప 1867లో మరియొక తుపాను మిగిలినవానిలో ఏడువందల పైచిలుకు చెట్లను కూల్చెను. 1871లో అధ్యక్షుడైన జార్జి కింగ్‌కు లభించినది దాదాపు బయలు. ఆయన నేలను త్రవ్వించి సరస్సులను కల్పించెను, త్రవ్విన మట్టితో పల్లమును ఎత్తుచేయించెను, బాటలు తీర్పించెను, దేశదేశములనుండి మరల మొక్కలను తెప్పించి, మండలముల వారీగా నాటించెను. నేడు సుమారు 270 యెకరముల విస్తీర్ణమున మనకు కనబడు శిబ్‌పూర్ తోట రూపురేఖలు ఆయన నిర్మించినవే. 1890లో భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ ఏర్పడినప్పుడు దానికి ప్రథమ సంచాలకుడును ఆయనయే.

ఈ తోటకు పోయినవారెల్లరును మొదట చూడగోరునది మహావటవృక్షము. తోటకంటె వయసున పెద్దదైన ఆ మర్రి ఆ రెండు తుపానులకును గాయపడినది. గాయములనుండి శిలీంధ్రములు చొచ్చి మూలకాండమును తినివేయగా, 1925లో దానిని తొలగించిరి. నేడా వృక్షము మూలము లేకయే, మూడువేలకు మించిన ఊడలపై, ఎకరములకొలది వ్యాపించి నిలిచియున్నది. దానిని చూచి, తోట కూడ అట్లే తనంతట తాను శాశ్వతముగా నిలుచునని తలచుట సహజము. ఆ తలంపు పొరపాటని మనవిచేయుచున్నాను. మర్రి తన ఊడలను తానే దించుకొనును. ఆ తోటలోని వేలకొలది ఇతర జాతులలో అత్యధికములకు ఆ వరము లేదు. వాటిలో ప్రతిదానికిని ఆయువు తీరకమునుపే ఎవరో ఒకరు విత్తనమును ఏరి, నారు పోసి, అంటు కట్టి, వారసుని సిద్ధముచేయవలెను. 2020 మే మాసమున ఉమ్‌పున్ తుపాను ఆ తోటను తాకినప్పుడు మరల వందలకొలది చెట్లు కూలినవి. అట్టి దినమున, ఏ చెట్టుకు వారసుడు నారుమడిలో ఉన్నాడో, ఏ చెట్టు నిర్వంశమైనదో దాఖలా పుస్తకము మాత్రమే చెప్పగలదు.

ఆ వారసులను సిద్ధముచేయు చేతులు మాలీలవి. పండితుల పేర్లు మొక్కల నామములందు చేరి చిరస్థాయిగా నిలిచినవి. మాలీల పేర్లు జీతపు చిట్టాలతో కనుమరుగైనవి. ఏ విత్తనమును ఎండబెట్టినచో మొలకశక్తి చచ్చునో, దేనిని ఒకరాత్రి నీట నానబెట్టవలెనో, ఏ చెట్టుకు గాలి అంటు పట్టునో, ఏ చెట్టుకు కొమ్మ గ్రుచ్చిన చాలునో, ఏ పాదులో నీరు నిలిచిన వేరు కుళ్లునో వారికి తెలిసినంతగా ఏ గ్రంథమునకును తెలియదు. ఆ జ్ఞానము తండ్రినుండి కుమారునకు, పెద్దమాలీనుండి చిన్నమాలీకి చేతిపనిగా సంక్రమించునదియే గాని ఒక్క దినమున బోధింపదగినది కాదు. ఒక మాలీ ఉద్యోగవిరమణ చేసి, ఆయన స్థానము మూడేండ్లు ఖాళీగా ఉండి, నాలుగవ యేట నూతనుడు వచ్చినచో, ఆ మధ్యకాలమున ఒక పరంపర తెగిపోయినదని గ్రహింపవలెను. తుపాను చేయు నష్టమును పత్రికలు ప్రకటించును. ఖాళీగానున్న ఆ కొలువు చేయు నష్టము ఎవరి కంటను పడదు.

ఇంత శ్రమ ఎందులకని అడుగువారు ఉండవచ్చును. అడవిలో దొరకు మొక్కకు తోటయేలయనువారికి సమాధానముగా రెండు వృక్షముల చరిత్రను చెప్పుదును.

అమెరికా దేశమున జార్జియా రాష్ట్రమునందలి ఆల్టమహా నదీతీరమున 1765లో వృక్షశాస్త్రజ్ఞుడైన జాన్ బార్ట్రమ్, ఆయన కుమారుడు విలియం ఒక అందమైన పూలచెట్టును కనుగొనిరి. విలియం తరువాత దాని విత్తనములను తెచ్చి ఫిలడెల్ఫియాలోని తమ తోటలో పెంచి, బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరిట దానికి ఫ్రాంక్లీనియా అని నామకరణము చేసెను. 1803 తరువాత ఆ చెట్టును అడవిలో చూచినవారు లేరు. నేడు ప్రపంచమున ఎచ్చట ఫ్రాంక్లీనియా పూచినను అది బార్ట్రముల తోటనుండి పుట్టిన సంతతియే. విలియం ఆ గింజలను ఏరకుండినచో ఆ జాతి మనకు పుస్తకములందలి వర్ణనగా మాత్రమే మిగిలియుండెడిది.

రెండవది ఇంతకంటె విషాదకరము. దక్షిణాఫ్రికాలోని ఎన్గోయె అడవిలో 1895లో వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ మెడ్లీ వుడ్ ఒకే ఒక సైకస్ తెగ మొక్కను, కొన్ని కాండములు గల ఒక్క గుబురును, చూచెను. ఆ తెగలో ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. ఆయన చూచినది మగది. దాని ఆడుజోడు నేటివరకు ఎంత వెదకినను దొరకలేదు. ఆయన పేరిటనే పిలువబడు ఆ మొక్క పిలకలు నేడు అనేక దేశముల తోటలలో పెరుగుచున్నవి; అన్నియు ఆ ఒక్క మొక్క యంశములే. అవి వందల సంవత్సరములు జీవింపవచ్చును. విత్తనము మాత్రము పుట్టదు. తోట ఆ మొక్కను రక్షించినది, జాతిని రక్షింపలేకపోయినది. ఒక్క మొక్కను కాపాడుట సంరక్షణ కాదనియు, అడవిలో జాతి ఇంకను బహుళముగా ఉన్నప్పుడే, వేర్వేరు తావులనుండి, ఆడవియు మగవియు, పెక్కు మొక్కలను సేకరించి కాపాడవలెననియు దీనివలన స్పష్టమగుచున్నది.

శిబ్‌పూర్ తోటలో ఇదే ధర్మమునకు ఆశాజనకమైన దృష్టాంతము కలదు. సేషెల్స్ ద్వీపములయందు మాత్రమే సహజముగా పెరుగు జంటకొబ్బరి, విత్తనములలోకెల్ల పెద్ద విత్తనముగల వృక్షము, 1894లో ఆ తోటలో నాటబడెను. అది ఆడదని తెలియుటకే అనేక దశాబ్దములు పట్టినది. తోటలో మగచెట్టు లేదు. ఈ శతాబ్దమున శాస్త్రజ్ఞులు శ్రీలంకనుండియు, పిదప థాయిలాండునుండియు పుప్పొడిని తెప్పించి, ఆ ఎత్తైన చెట్టు పూగెలకు చేతితో అద్ది, ఫలదీకరణమునకు ప్రయత్నము చేసిరి. తుదకు కాయ పట్టినది. నాటినవారు ఫలమును చూడరు. ఫలమును చూచినవారు నాటినవారిని ఎరుగరు. మధ్యనున్న నూరేండ్లకు మించిన కాలమును కలిపినది, ఈ చెట్టు ఏది, ఎప్పటిది, ఎచ్చటిది అను ఒక్క వరుస దాఖలాయే. ఒక తోటలోని ఆడచెట్టుకు మరియొక దేశపు తోటలోని మగచెట్టు తోడైనదనగా, తోటలన్నియు కలిసి ఒకే సంచయమను భావము మాటగా మిగులక కార్యరూపము దాల్చినదన్నమాట.

ఇక మన ముంగిటికి వత్తము. తిరుమల శేషాచలపు కొండలందు, కడప చిత్తూరు సీమల మధ్య, పేరిత అను సైకస్ జాతి మొక్క ఉన్నది. బెడోమ్ అను అరణ్యాధికారి పేరిట శాస్త్రలోకమున ప్రసిద్ధమైన ఆ జాతి ప్రపంచమున మరెచ్చటను సహజముగా పెరుగదు. దక్షిణాఫ్రికా మొక్కకు వలెనే దీనికిని ఆడమగ భేదము కలదు. దాని మగ మొక్కల శంకువులను మందుకొరకని కోసికొనిపోవు వాడుక బహుకాలముగా ఉన్నది. అంతర్జాతీయ వర్తకమును నిషేధించు జాబితాలో దానిని చేర్చియున్నారు. ఎన్గోయె అడవిలో వెదకినను దొరకని జోడు మన కొండలమీద ఇంకను దొరకుచున్నది. మనకు ఇంకను వ్యవధి ఉన్నది. ఆ కొండలందే తెల్లకరకయు ఉన్నది. రాక్స్‌బర్గ్ నామకరణము చేసిన తంబజాలారి మన తూర్పుకనుమల దక్షిణభాగమున ఉన్నది. కొల్లగొట్టబడుటచేతనే లోకమునకు తెలియవచ్చిన ఎర్రచందనమును గూర్చి నేను వేరుగ చెప్పనక్కరలేదు.

2017లో వెలువడిన ఒక గణన ప్రకారము ప్రపంచపు వృక్షోద్యానములన్నిటియందును కలిసి తెలిసిన వృక్షజాతులలో సుమారు 30 శాతము పెరుగుచున్నవి. అందు సమశీతోష్ణమండలపు జాతులలో 60 శాతము తోటలకెక్కగా, ఉష్ణమండలపు జాతులలో కేవలము 25 శాతము మాత్రమే తోటలకెక్కినవి. ఎచ్చట జాతులు అధికమో, ఎచ్చట అడవులు వేగముగా తరుగుచున్నవో అచ్చటనే తోటలు కొరత. ఈ అసమత్వమును లండను, బెర్లిన్ నగరములలోని గాజుగృహములు తీర్పజాలవు. శేషాచలపు మొక్కకు శేషాచలపు ఎండయు, ఎర్రమన్నును, వానయును తెలిసిన తోట కావలెను. తోట అడవికి బదులు కాదని కూడ గట్టిగా చెప్పవలసియున్నది. అడవిలో మొక్క తన తుమ్మెదతో, తన శిలీంధ్రముతో, తన పక్షితో, తన ఇరుగుపొరుగు చెట్లతో జీవించును. ఆ సంసారమునంతయు ఏ తోటయు పునఃసృష్టి చేయజాలదు. అడవిని కాపాడుట ప్రథమ ధర్మము. తోట అపాయకాలమునకు ఉంచిన రెండవ ప్రతి. రెండవ ప్రతి ఉన్నదను ధైర్యముతో మొదటి ప్రతిని చింపుకొనువాడు వివేకి కాడు.

కాబట్టి ఈ సభలోనున్న ఉపాధ్యాయులకు, విద్యార్థులకు, తోటల పోషకులకు నా ప్రార్థన ఇది. హైదరాబాదులో కొండాపూర్‌నందు విశాలమైన వృక్షోద్యానము ఉన్నది. మన విశ్వవిద్యాలయములకు తోటలు కలవు. అనేక కళాశాలల ఆవరణలలో అధ్యాపకులు ప్రేమతో నాటిన మొక్కలు కలవు. ప్రతి కళాశాలయు వేయిజాతులను పెంచనక్కరలేదు. తన జిల్లాలోని అడవులకు ప్రత్యేకమైన పది జాతులను ఎంచుకొని, అరణ్యశాఖవారి అనుమతితో, అడవిలోని మొక్కలకు హాని కలుగకుండునట్లు, ఒక్కొక్క జాతికి వేర్వేరు చెట్లనుండి గింజలను సేకరించి పెంచవచ్చును. ప్రతి మొక్కకును సంఖ్య, రేకు, పుస్తకములో ఒక పుట ఉండవలెను. ఆ పుటలో శాస్త్రనామముతోపాటు ఆ ప్రాంతపు జనులు పిలుచు పేరును, ఆ పేరు చెప్పిన మనుష్యుని పేరును, వారి సమ్మతితో, వ్రాయవలెను. యానాదులు, చెంచులు, కొండరెడ్లు చెప్పిన జ్ఞానమును వారిదిగానే నమోదుచేయవలెను. ఆ పుస్తకమునకు ఒక నకలు మరియొక కళాశాలలో ఉండవలెను. మొక్కకు కూడ ఒక నకలు మరియొక తోటలో ఉండవలెను. మాలీ కొలువును ఒక్క దినమైనను ఖాళీగా ఉంచరాదు. పాతవాడు వెడలకమునుపే క్రొత్తవాడు వచ్చి ఆయన ప్రక్కన ఒక వర్షాకాలమైనను పనిచేయవలెను.

ఈ పనులలో ఏదియు అసాధ్యము కాదు, అధికధనముతో కూడినది కాదు. వీటికి కావలసినది దీర్ఘకాలమును నమ్ము స్వభావము. ప్రభుత్వములు కొద్ది యేండ్ల ప్రణాళికలతో, విశ్వవిద్యాలయములు మూడేండ్ల పరిశోధనానుదానములతో పనిచేయును. జంటకొబ్బరి తన ఆడతనమును వెల్లడించుటకే దశాబ్దములు తీసికొనెను. తన పదవీకాలములో ఫలము కానరాని పనికి నేడు సంతకము పెట్టగల అధికారియు, తాను చూడని పూవుకొరకు నేడు నీరు పోయగల మాలీయు, తనకు పేరు తీసికొనిరాని దాఖలాను నేడు శుభ్రమైన దస్తూరితో వ్రాయగల విద్యార్థియు, ఈ మువ్వురును కలిసిననాడే సజీవ సంచయము నిలుచును. వారిలో ఏ ఒక్కరు లోపించినను అది క్రమముగా సామాన్యమైన తోటగా మారి, పిదప ఖాళీస్థలముగా మారి, తుదకు కట్టడములకు అనువైన స్థలముగా లెక్కకు వచ్చును.

ఈ సంవత్సరపు తొలకరికింకను కొన్ని వారములు గడువున్నది. విద్యార్థులారా, ఆ లోపున మీ కళాశాల తోటలోని చెట్లనన్నిటిని ఒకమారు లెక్కించి, వాటిలో వృత్తాంతము తెలిసినవి ఎన్నియో, తెలియనివి ఎన్నియో పట్టిక వ్రాయుడు. తెలియనివాటిని గూర్చి పాత అధ్యాపకులను, వృద్ధులైన మాలీలను వారు జీవించియుండగనే అడిగి తెలిసికొనుడు. ఆ పట్టికయే మీ సంచయమునకు మొదటి పుట యగును.